నెప్ట్యూన్‌ని తినేసిన రోజు

కళింగపట్నం లైట్‌హౌస్ అరుగు మీద
గవరయ్య మాస్టారు సూర్యుణ్ణి దింపారు.
జానెడు దాటిన గుమ్మడికాయ,
తొడిమ దగ్గర ఇంకా మట్టి.
"ఇక్కణ్ణించి నడవండి" అన్నారు,
జేబులోంచి పొట్లం తీసి.

గసగసమంత బుధుడితో
ఇరవై అడుగులేసి కామేసు ఆగిపోయాడు.
ముప్ఫయ్యారో అడుగులో శుక్రుడు, బియ్యపు నూక.
యాభయ్యో అడుగులో భూమి. అదీ నూకే.
నూక అనగానే తరగతంతా నా వంక తిరిగి నవ్వింది.
నా పేరు నూకరత్నం.
భూమిని నాకే ఇస్తారనుకున్నాను.
దండాసికిచ్చారు.
వాడి గోటి మీద అన్ని సముద్రాలూ,
మా నాన్న పడవా, వాడి గోటి మట్టీ.
దానికి బెత్తెడు ఎడంగా ఇసుక రేణువు, చందమామ.
"మనుషులు ఎంత దూరం పోయినా
ఇదిగో, ఇంతే పోయారు" అని
నాలుగు వేళ్లు చూపించారు మాస్టారు.

డెబ్భయ్యారో అడుగులో చోడిగింజ, అంగారకుడు.
ఆ తర్వాత కాళ్లు నొచ్చాయి.
రెండువందల అరవై నడిస్తే గాని
ఉసిరికాయంత గురుడు రాలేదు.
శనికి కుంకుడుకాయ.
ఎర్రమ్మ తన గాజు తీసి దాని చుట్టూ పెట్టింది,
విరిగితే మాయమ్మ సంపేస్తాది అని చెప్పి మరీ.
యురేనస్ పట్టుకుని బైరాగి
వలలారేసే కర్రకి జారబడ్డాడు.

నా అరచేతిలో నానిన బఠాణీ.
"పదిహేనువందల అడుగులే నూకా, లెక్క తప్పకు."

అయిదువందల దాకా మాస్టారి గొంతు వినబడింది.
వెయ్యి దాటాక అలలే.
వంశధార మొగ వేపు ఆగి వెనక్కి చూస్తే
లైట్‌హౌస్ విరిగిన అగ్గిపుల్లంత.
సూర్యుడు ఉన్నాడో లేడో.
కాళ్ల చుట్టూ ఎండ్రకాయలు.
ఈ కొలతలో వెలుగు ఎండ్రకాయ కన్నా మెల్లగా నడుస్తుందట,
సెకనుకి బెత్తెడైనా పోదట,
గుమ్మడికాయ దగ్గర బయల్దేరితే
నన్ను చేరడానికి నాలుగు గంటలట.
సరే, నిలబడ్డాను.
వెలుగు రావాలి కదా.

అప్పుడు రెండయింది.
తర్వాత బడి గంట కొట్టారు,
ఎర్రమ్మ గాజు ఎర్రమ్మ తీసుకుంది,
గ్రహాలన్నీ ఇళ్లకి పోయాయి.
ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.
నాలుగున్నర. అయిదు. ఆకలి.
నెప్ట్యూన్‌ని నోట్లో వేసుకున్నాను.
ఉప్పగా ఉంది.

పొద్దు ఊరి వెనక్కి దిగింది.
కార్తీకం కదా, నీళ్లలోంచి
పిల్లలకోడి తన పిల్లల్తో పైకొచ్చింది.
మా తాత దాన్ని చూసి జాము చెప్పేవాడు.
ఎంత దూరమో ఎప్పుడూ చెప్పలేదు,
గడియారం దూరం ఎవరడుగుతారు?

ఆరింటికి ఒక టార్చిలైటు
ఊగుతూ, ఇసుకలో తూలుతూ వచ్చింది.
చెప్పులు చేత్తో పట్టుకుని మాస్టారు.
నాలుగు గంటలు, సరిగ్గా.
"నెప్ట్యూనేదే?"
"తినీసేను మాస్టారూ."
ఆయన ఇసుకలో చతికిలబడ్డారు.
నవ్వు రావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఈ లెక్కన ఇంకో గుమ్మడికాయ
ఎక్కడుంటాదో తెలుసా? లండన్‌లో."
"మద్దిన?"
"మద్దిన ఏటుంటాది. సీకటి."
క్లాసులో ఎప్పుడూ అలా మాట్లాడరు ఆయన.
పిల్లలకోడి వేపు చెయ్యెత్తి అన్నారు,
"అవీ గుమ్మడికాయలే,
మన దానికన్నా లావుపాటివి.
ఆ వెలుగు బయల్దేరి నాలుగువందల ఏళ్లు దాటింది,
ఇదిగో, ఇప్పుడే నీ కంట్లో దిగింది."
చాలాసేపు నేను రెప్ప వెయ్యలేదు.

మర్నాడు బడి వంటింట్లో
గున్నమ్మ సూర్యుణ్ణి ముక్కలు కోసి,
బెల్లం వేసి పులుసు పెట్టింది.
వరసలో చివర మళ్లీ నేనే.
అంత దూరం పోయొచ్చానని
నాకు మాత్రం రెండు ముక్కలు.
వేలు పెడితే
చురుక్కుమంది.